రాజులున్న జట్టుకు రాజ్యం లేని కెప్టెన్.. టీమిండియా తొలి టెస్టు సారథి సీకే నాయుడు మన తెలుగోడే!

1932 జూన్ 24, లండన్. తెల్లారితే లార్డ్స్‌లో భారత జట్టు చరిత్రలో మొట్టమొదటి టెస్టు మ్యాచ్. ఇలాంటి రాత్రి ఏ ఆటగాడికైనా ఉత్కంఠతో నిద్ర పట్టదు. మన జట్టులో కొందరికి మాత్రం వేరే కారణంతో నిద్ర పట్టలేదు. టాస్‌కి వెళ్లే కెప్టెన్ ఎవరన్నదే వాళ్ల బాధ! ఎందుకంటే ఆ కెప్టెన్ మహారాజా కాదు, యువరాజు కాదు. నాగ్‌పూర్‌లో పుట్టిన ఓ లాయర్ కొడుకు. పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకం పిలిచే పేరు సీకే నాయుడు.

అతని కింద ఆడబోమంటూ కొందరు ఆటగాళ్లు అర్ధరాత్రి దాటాక టూర్ కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా గది తలుపు తట్టారని, చివరికి పటియాలా మహారాజా నుంచి ఆడి తీరాల్సిందేనని ఆదేశం వచ్చాకే గొడవ సద్దుమణిగిందని క్రికెట్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అలా మొదలైంది మన టెస్టు ప్రయాణం. ప్రత్యర్థి ఇంగ్లండ్‌తో పోరు కంటే ముందు, సొంత డ్రెస్సింగ్ రూమ్‌లో పోరు!

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె గ్రౌండ్లలో పొద్దున్నే నెట్స్‌కి పోయే కుర్రాళ్లకి సీకే నాయుడు ట్రోఫీ అంటే తెలుసు. అండర్-23 కుర్రాళ్లు రాష్ట్రాల తరఫున ఆడే టోర్నీ అది. కానీ ఆ నాయుడు ఎవరు, ఆయన పేరే ఎందుకు పెట్టారు అనడిగితే చాలామంది తల గోక్కుంటారు. గూగుల్‌లో ఆయన టెస్టు రికార్డు చూస్తే ఇంకా అయోమయం. 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. సెంచరీ ఒక్కటీ లేదు. ఇంతేనా అనిపిస్తుంది. అసలు కథ ఆ అంకెల్లో లేదు మరి.

మచిలీపట్నం టు నాగ్‌పూర్

నాయుడు కుటుంబం మూలాలు మచిలీపట్నంలో ఉన్నాయి. తాతల కాలంలోనే ఉత్తరాదికి వెళ్లి నాగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. తాత నారాయణస్వామి నాయుడు పేరున్న వకీలు, భూస్వామి, కాంగ్రెస్ తొలినాళ్ల నాయకుల్లో ఒకరు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. అక్కడ ఆయనకు పరిచయమైన మనిషి ఎవరో తెలుసా? రంజీ! అవును, ఇవాళ మన రంజీ ట్రోఫీకి పేరిచ్చిన రంజిత్‌సింహ్‌జీనే. కాబట్టి సీకేది పేద ఇల్లేమీ కాదు. బాగా చదువుకున్న, బాగా బతికిన ఇల్లు. కానీ ఆ రోజుల్లో భారత క్రికెట్ నడిచింది సంస్థానాల ఖజానాలతో. టూర్ ఖర్చు పెట్టేది మహారాజా, ఆటగాళ్లకు ఉద్యోగం ఇచ్చేది మహారాజా, కాబట్టి కెప్టెన్సీ కూడా మహారాజాదే! ఆట వస్తుందా రాదా అన్నది తర్వాతి సంగతి.

1895 అక్టోబర్ 31న పుట్టిన సీకే, నాగ్‌పూర్‌లోని హిస్లాప్ స్కూల్‌లో చదివాడు. 1916లో పెద్ద క్రికెట్‌లో అడుగుపెట్టాడు. అప్పట్లో దేశంలో అతి పెద్ద టోర్నీ బాంబే క్వాడ్రాంగ్యులర్. హిందువులు, పార్సీలు, ముస్లింలు, యూరోపియన్లు.. మతాల వారీగా, జాతి వారీగా జట్లు. ఇప్పుడు వింటే ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ జనం మాత్రం విరగబడి చూసేవారు.

యూరోపియన్లతో మ్యాచ్. హిందూ జట్టు 79 పరుగులకే 7 వికెట్లు పోగొట్టుకుని విలవిల్లాడుతోంది. అప్పుడొచ్చాడు కొత్త కుర్రాడు. మొదటి మూడు బంతులు బుద్ధిగా ఆపాడు. నాలుగో బంతి.. సిక్సర్! ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో సీకే నాయుడు తీసిన తొలి పరుగులే ఆ ఆరు.

ఆ తర్వాత ఆయన సిక్సర్ల గురించి కథలు పుట్టుకొచ్చాయి. మన చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. క్రికెట్ చూడాలన్నా, ఆడాలన్నా మనకు దిక్కు మద్రాసే. అక్కడి చెపాక్‌లో సీకే కొట్టిన ఓ సిక్సర్, మైదానం దాటి బయట కొబ్బరి చెట్టు దగ్గర పడిందని పాత తరం వాళ్లు చెప్పుకునేవారు. ఎంత దూరం అన్నది చెప్పేవాళ్ల నోటిని బట్టి పెరిగేదేమో! కానీ ఆయన పేరు చెబితే ముందుగా సిక్సర్ గుర్తుకొచ్చేదన్నది మాత్రం నిజం.

1923లో ఇందోర్ పాలకుడు తుకోజీరావు హోల్కర్ ఆయన్ని తన దగ్గరికి పిలిపించుకున్నాడు. హోల్కర్ సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. తర్వాత అదే కల్నల్ అయింది. అభిమానులకు ఆయన కల్నల్ సీకే. మనిషి చూడ్డానికీ అలాగే ఉండేవాడు. ఆరడుగులు దాటిన నిటారైన మనిషి, తక్కువ మాట, కఠినమైన క్రమశిక్షణ.

రెండు గంటల్లోపే 153.. దేశాన్ని ఊపేసిన ఇన్నింగ్స్

1926 నవంబర్ 30. బాంబే జింఖానా గ్రౌండ్. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు మన దేశానికొచ్చింది. హిందూ జట్టుతో మ్యాచ్. ముందుగా ఎంసీసీ బ్యాటర్ గై ఎర్ల్ 8 సిక్సర్లతో 130 బాదాడు. తెల్లోడి దెబ్బ చూశారా అనుకుంటూ ఇళ్లకు పోయారు జనం.

మర్నాడు సీకే బ్యాట్ పట్టుకున్నాడు. తొలి సిక్సర్ పడింది. తర్వాత ఇంకోటి. వార్త బాంబే వీధుల్లోకి పాకింది. మొబైల్ లేదు, రేడియో కామెంటరీ లేదు. నోటి మాటే లైవ్ అప్‌డేట్! పనులు వదిలేసి గ్రౌండ్ వైపు పరుగు తీశారట జనం. చెట్లు, చుట్టుపక్కల మేడలు నిండిపోయాయి. ఒక బంతి వెళ్లి జింఖానా పెవిలియన్ కప్పు మీద పడింది. ఇక్కడో ముచ్చట చెప్పుకోవాలి. ఆ క్లబ్‌లో అప్పటికి భారతీయులకు సభ్యత్వం లేదు. లోపలికి రానివ్వని భవనం నెత్తిన మన బంతి!

రెండు గంటలు కూడా పట్టలేదు. 153 పరుగులు, 11 సిక్సర్లు. ఒక ఇన్నింగ్స్‌లో 11 సిక్సర్లంటే ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అప్పటికి రికార్డు. ఎంసీసీ వాళ్లు ఆయనకు వెండి బ్యాట్ బహూకరించారు.

ఈ ఇన్నింగ్స్‌ని ఊరికే ఒక మెరుపు ఇన్నింగ్స్‌గా చూడకూడదు. మీ దగ్గర ఆట ఉంది, ఒక బోర్డు పెట్టుకుంటే టెస్టు హోదా వస్తుందని ఇక్కడి పెద్దలకు ధైర్యం చెప్పినవాడు గిల్లిగనే. 1928 డిసెంబర్‌లో బీసీసీఐ పుట్టింది. నాలుగేళ్లు తిరక్కుండానే టెస్టు మ్యాచ్ వచ్చింది. ఒక్క ఇన్నింగ్సే బోర్డును పుట్టించిందనడం అతిశయోక్తే. కానీ ఇంగ్లండ్ జట్టు కళ్లారా చూసిన సాక్ష్యం మాత్రం అదే.

లార్డ్స్‌లో ఆ మూడు రోజులు

1932 ఇంగ్లండ్ టూర్‌కు కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజాను, వైస్ కెప్టెన్‌గా లింబ్డీ యువరాజు ఘన్‌శ్యామ్‌సింహ్‌జీని వేశారు. పోర్‌బందర్ మహారాజా ఆ టూర్‌లో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో తీసిన పరుగులు ఎన్నో తెలుసా.. రెండంటే రెండు! ఆయన పరుగుల కన్నా ఆయన దగ్గరున్న రోల్స్ రాయిస్ కార్లే ఎక్కువని అప్పట్లో జోకులు పేలాయి. కానీ నవ్వి వదిలేస్తే అన్యాయమే. తన ఆట తనకు తెలిసిన మనిషి ఆయన. టెస్టు దగ్గరికొచ్చేసరికి హుందాగా పక్కకు తప్పుకున్నాడు. లింబ్డీ యువరాజుకు గాయమైంది. అప్పుడు మిగిలింది సీకే.

జూన్ 25 ఉదయం. అవతల డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో బలమైన ఇంగ్లండ్. మన వైపు మహమ్మద్ నిసార్ చేతికి కొత్త బంతి. సట్‌క్లిఫ్ బౌల్డ్, హోమ్స్ బౌల్డ్, వూలీ రనౌట్. స్కోరు 19 పరుగులకు 3 వికెట్లు! రాత్రి అలిగినవాళ్లు, అలగనివాళ్లు అందరూ పొద్దున్నే పులుల్లా ఫీల్డింగ్ చేశారు. ఇంగ్లండ్ 259కి ఆలౌట్. నిసార్‌కు 5 వికెట్లు. సీకే కూడా బంతి పట్టి 40 పరుగులిచ్చి 2 వికెట్లు తీశాడు.

ఫీల్డింగ్‌లో ఆయన చేతికి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటింగ్‌కి దిగి 40 కొట్టాడు. 189 పరుగులకు ముగిసిన మన తొలి ఇన్నింగ్స్‌లో అదే టాప్ స్కోర్. చివరికి 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. మ్యాచ్ పోయింది కానీ పరువు పోలేదు.

ఆ టూర్ మొత్తం మీద చూస్తే సీకే విశ్వరూపం కనిపిస్తుంది. ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో 1,618 పరుగులు, 65 వికెట్లు. వయసు 36 దాటింది. టూర్ మొదట్లో లార్డ్స్‌లోనే ఎంసీసీ మీద 118 నాటౌట్. బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్‌లో కొట్టిన ఒక సిక్సర్, పక్కనే పారే రే నదిని దాటిందని, ఆ నదే అప్పట్లో రెండు కౌంటీలకు సరిహద్దు కాబట్టి బంతి వార్విక్‌షైర్ నుంచి ఎగిరి వూస్టర్‌షైర్‌లో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడ కొట్టిన బంతి జిల్లా సరిహద్దు దాటి పడినట్టన్నమాట! 1933లో విజ్డెన్ ఎంపిక చేసిన ఐదుగురు మేటి ఆటగాళ్లలో సీకే ఒకరు.

1933-34లో జార్డిన్ జట్టు మన దేశానికొచ్చింది. మూడు టెస్టులకూ సీకేనే కెప్టెన్. తొలి టెస్టు అదే బాంబే జింఖానాలో. భారత్ తరఫున తొలి టెస్టు సెంచరీ, లాలా అమర్‌నాథ్ 118, అక్కడే వచ్చింది. అవతలి ఎండ్‌లో 67 పరుగులతో అండగా నిలిచింది కెప్టెన్. ఇద్దరూ కలిసి 186 జోడించారు. మూడో టెస్టు 1934 ఫిబ్రవరిలో చెపాక్‌లో. మద్రాసు గడ్డ మీద అదే తొలి టెస్టు. అమర్‌సింగ్ 7 వికెట్లు తీసినా గెలవలేకపోయాం. సిరీస్ 2-0తో ఇంగ్లండ్ పట్టుకుపోయింది. కెప్టెన్‌గా నాలుగు టెస్టుల్లో ఒక్క గెలుపూ లేదు. దాచాల్సిన పనేం లేదు, అప్పటి మన జట్టు బలం అంతే.

ఒక తెలుగోడి కుర్చీలో ఇంకో తెలుగోడు

1936లో మళ్లీ ఇంగ్లండ్ టూర్. ఆట చూసి ఎంచితే కెప్టెన్ ఎవరో చిన్న పిల్లాడైనా చెప్తాడు. కానీ ఓట్లు పడ్డాయి. గెలిచింది విజయనగరం మహారాజ్‌కుమార్.. అందరూ పిలిచే విజ్జీ. అంటే సీకే నుంచి కెప్టెన్సీ తీసుకుంది కూడా తెలుగు నేల వాడే! ఒకరికి సంస్థానం, పలుకుబడి ఉన్నాయి. ఇంకొకరికి ఆట ఉంది. ఆ ఏడాది పలుకుబడి గెలిచింది.

ఆ టూర్ మన క్రికెట్‌కి మాయని మచ్చ. జట్టు రెండుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపేశారు. సీకేని అవమానించినవాళ్లకి టెస్టు క్యాప్ దక్కిందన్న ఆరోపణలూ వచ్చాయి. 40 ఏళ్ల మనిషి, నాలుగేళ్ల కిందట ఇదే దేశంలో జేజేలు అందుకున్న మనిషి, ఇదంతా చూస్తూ మౌనంగా ఆడాడు. ఆట కూడా మొదట కుదర్లేదు. లార్డ్స్‌లో 1, 3. మాంచెస్టర్‌లో 16, 34. అన్నట్టు ఆ మాంచెస్టర్ టెస్టు జట్టులో నలుగురు తెలుగువాళ్లున్నారు. విజ్జీ, సీకే, ఆయన తమ్ముడు సీఎస్, మద్రాసులో పుట్టిన కోటా రామస్వామి. 40 ఏళ్ల వయసులో టెస్టు అరంగేట్రం చేసిన రామస్వామి అంతకుముందే డేవిస్ కప్ టెన్నిస్ ఆడినవాడు. ఆయనది మరో పెద్ద కథ.

ఓవల్‌లో చివరి టెస్టు. తొలి ఇన్నింగ్స్‌లో సీకే 5కే అవుట్. ఫాలోఆన్. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ గబ్బీ అలెన్ నిప్పులు చెరుగుతున్నాడు. ఒక బంతి ఎగిరి సీకే ఒంటికి గట్టిగా తగిలింది. మనిషి తూలాడు. అయినా బయటికి పోలేదు. నిలబడి 81 కొట్టాడు. అలెన్ 7 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ గెలిచింది. సీకే టెస్టుల్లో చేసిన అత్యధిక స్కోరు ఆ 81. ఆయన చివరి టెస్టు ఇన్నింగ్స్ కూడా అదే. తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చింది, టెస్టులు ఆగిపోయాయి.

ఇక్కడితో ఆగిపోయుంటే ఈ కథ అన్యాయం జరిగిన ఒక మంచి ఆటగాడి కథ అయ్యేది. కానీ సీకే ఆగలేదు!

పళ్లు రాలినా క్రీజు వదల్లేదు

ఇందోర్‌లో హోల్కర్ జట్టును ఆయన తయారుచేసిన తీరు చూడాలి. ఒక పోలీసు అధికారి కొడుకును చిన్నప్పుడే పసిగట్టి ఆటలోకి తెచ్చాడు. ఆ కుర్రాడే ముస్తాక్ అలీ. విదేశాల్లో టెస్టు సెంచరీ కొట్టిన తొలి భారతీయుడు. చందూ సర్వటే, హీరాలాల్ గైక్వాడ్ లాంటివాళ్లు ఆయన చెయ్యి కిందే రాటుదేలారు. సీకే తమ్ముడు సీఎస్ నాయుడు కూడా లెగ్ స్పిన్నర్‌గా 11 టెస్టులు ఆడాడు. యుద్ధ కాలంలో సైన్యంతో పాటు మన దేశంలో ఉన్న ఇంగ్లండ్ స్టార్ డెనిస్ కాంప్టన్ సైతం హోల్కర్ తరఫున సీకే నాయకత్వంలో రంజీ ఫైనల్ ఆడి 249 నాటౌట్ కొట్టాడు. బాంబే చేతిలో ఆ ఫైనల్ ఓడిపోయారు, అది వేరే సంగతి.

మరుసటి ఏడాదే, 1945-46లో, లెక్క సరిచేశారు. ఫైనల్‌లో బరోడా మీద సీకే డబుల్ సెంచరీ. సరిగ్గా 200. ఆయన కెరీర్‌లో అత్యధిక స్కోరు అదే. అప్పుడాయన వయసెంత? 50 ఏళ్లు! హోల్కర్ మొదటిసారి రంజీ ట్రోఫీ ఎత్తింది. తర్వాత 1947-48, 1950-51, 1952-53ల్లో కూడా ఆ చిన్న సంస్థానం జట్టే ఛాంపియన్. బాంబే లాంటి మహానగరానికి ఎదురు నిలిచి దాదాపు పదేళ్లు గడగడలాడించింది.

ఈ రోజుల్లోనే జరిగింది ఆయన గురించి ఎక్కువగా చెప్పుకునే సంఘటన. బాంబేతో రంజీ మ్యాచ్. టెస్టు బౌలర్ దత్తూ ఫడ్కర్ వేసిన బంతి లేచి సీకే మూతికి తగిలింది. రెండు పళ్లు ఊడి పిచ్ మీద పడ్డాయి. హెల్మెట్లు లేని కాలం. 55 దాటిన మనిషి. ఎవరైనా పెవిలియన్‌కి పోతారు. ఆయన ఆ పళ్లను పిచ్ మీద నుంచి పక్కకు నెట్టేసి మళ్లీ గార్డ్ తీసుకున్నాడు. బెదిరిపోయిన బౌలర్ వేగం తగ్గిస్తే, తగ్గించొద్దు, మామూలుగానే వెయ్యమని సైగ చేశాడట.

ఈ కఠినత్వం ఆయన కింద ఆడినవాళ్లకి ఎంత భారంగా ఉండేదో ఊహించుకోవచ్చు. దెబ్బ తగిలిందని గ్రౌండ్ బయటికి పోవడం ఆయనకు నచ్చేది కాదు. తనకు పెట్టుకున్న రూలే అందరికీ. ఇవాళ్టి ఫిజియోలు వింటే గుండె బాదుకుంటారు. పద్ధతిగా చూస్తే అది సరైనదని చెప్పలేం కూడా. కానీ 1932లో తనని ఒప్పుకోని డ్రెస్సింగ్ రూమ్‌ని చూసిన మనిషి, పుట్టుకతో రాని పెద్దరికాన్ని ఇలాగే సంపాదించుకోవాలని అనుకున్నాడేమో.

58 ఏళ్ల వయసులో ఆంధ్రా క్యాప్

ఇక మనకు కావాల్సిన ఘట్టం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని. చిత్తూరు జిల్లా మద్రాసు నుంచి విడిపోయి కొత్త రాష్ట్రంలో కలిసింది. అప్పటిదాకా క్రికెట్ అంటే మద్రాసు వైపే చూసిన తెలుగు కుర్రాళ్లకు సొంత జట్టు వచ్చింది. 1953-54 సీజన్‌లో ఆంధ్రా తొలిసారి రంజీ ట్రోఫీ బరిలోకి దిగింది. అనుభవం లేదు, పేరు లేదు, గ్రౌండ్లు అంతంతమాత్రం. ఆ పసి జట్టుకు కెప్టెన్ ఎవరో ఊహించండి.

అవును, సీకే నాయుడే! పుట్టింది నాగ్‌పూర్‌లో, పెరిగింది మరాఠీ, హిందీ మధ్య, కీర్తి వచ్చింది ఇందోర్‌లో. 58 ఏళ్ల వయసులో తాతల నేల తరఫున టాస్ వేయడానికి వచ్చాడు. భారత జట్టు తొలి టెస్టుకు ఎవరు కెప్టెనో, రంజీలో ఆంధ్రా తొలి సీజన్‌కూ ఆయనే కెప్టెన్. ఈసారి మాత్రం కెప్టెన్సీ ఇవ్వడానికి ఎవరూ తటపటాయించలేదు.

1956లో కేంద్రం పద్మభూషణ్ ఇచ్చింది. సెలెక్షన్ కమిటీ ఛైర్మన్‌గా, బోర్డు ఉపాధ్యక్షుడిగా చేశాడు. ఇంత గౌరవం వచ్చాక ఎవరైనా కుర్చీలో కూర్చుని కబుర్లు చెబుతారు. ఈయన 1956-57లో మళ్లీ రంజీ ఆడాడు! ఈసారి ఉత్తరప్రదేశ్ తరఫున. ఆ రాష్ట్ర క్రికెట్‌లో అప్పుడు చక్రం తిప్పింది ఎవరనుకున్నారు.. విజ్జీ. ఇరవై ఏళ్ల కిందటి 1936 గొడవ ఇద్దరి మధ్య ఎంత మిగిలిందో వాళ్లకే తెలియాలి. రాజస్థాన్ మీద 84 కొట్టిన ఇన్నింగ్స్‌లో వినూ మన్కడ్ లాంటి ప్రపంచ స్థాయి స్పిన్నర్‌ని సిక్సర్లు బాదాడు. రంజీల్లో తన చివరి ఇన్నింగ్స్‌లో 52. అప్పటికి 61 ఏళ్లు నిండాయి.

అదీ ఆఖరు కాదు! 1963-64లో నాగ్‌పూర్‌లో ఒక ఛారిటీ మ్యాచ్ జరిగింది. మహారాష్ట్ర గవర్నర్ జట్టు, ముఖ్యమంత్రి జట్టు మధ్య. ఫస్ట్‌క్లాస్ హోదా ఉన్న మ్యాచ్. 68 ఏళ్ల సీకే ప్యాడ్లు కట్టుకుని పుట్టిన ఊళ్లో మైదానంలోకి దిగాడు. 1916 నుంచి లెక్కేస్తే ఆరు వేర్వేరు దశాబ్దాల్లో ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడినట్టు. మొత్తం 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. టెస్టుల్లో ఆ 350 పరుగులు చూసి పెదవి విరిచేవాళ్లు ఒక్కసారి ఈ లెక్క కూడా చూడాలి. ఆయనకు టెస్టు క్రికెట్ దొరికేసరికే 36 ఏళ్లు దాటాయి మరి.

1967 నవంబర్ 14న ఇందోర్‌లో సీకే కన్నుమూశారు. వయసు 72. 1973-74లో ఆయన పేరు మీద కుర్రాళ్ల ట్రోఫీ మొదలైంది. 1994లో బీసీసీఐ ఆయన పేరుతోనే జీవిత సాఫల్య పురస్కారం పెట్టింది. దాన్ని మొదట అందుకున్నది ఎవరో కాదు, 1933లో బాంబే జింఖానాలో ఆయనతో కలిసి 186 పరుగులు జోడించిన లాలా అమర్‌నాథ్. 1996లో పోస్టల్ స్టాంప్ వచ్చింది. కూతురు చంద్రా నాయుడు దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరిగా మైక్ పట్టుకుంది, తండ్రి మీద పుస్తకం రాసింది. 2021లో ఆమె కూడా ఇందోర్‌లోనే తుదిశ్వాస విడిచింది.